చుక్కలక్క రక్తమే నూరు

పోయిన వారం కొత్తగా చేరిన పరిశోధక విద్యార్థిని నా గదిలోకి వచ్చి ఒక ప్రశ్న అడిగింది. మా ల్యాబులో ప్రతి పరీక్షకూ రోగి రక్తం పక్కన ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తం పెట్టి పోల్చి చూస్తాం. ఆ రెండో గొట్టం మీద ‘అక్క’ అని రాస్తాం. ఆ వారం రక్తమిచ్చినవాడు ఆరడుగుల గడ్డపు మనిషి. అతని రక్తం మీద అక్క అని ఎందుకు రాయాలని ఆ అమ్మాయి సందేహం. పని నేర్పినవాళ్లను అడిగితే, ఇక్కడ అలాగే రాస్తారు అన్నారట. వాళ్లకు నేర్పినవాళ్లూ అదే చెప్పి ఉంటారు.

నాకు కోపం రావాలి. తెలియకుండా ఏ పనీ చెయ్యొద్దని రోజూ నెత్తీ నోరూ కొట్టుకునేదాన్ని నేనే కదా. కానీ కోపం రాలేదు. బల్ల సొరుగు లాగి అడుగున ఉన్న ఇనుప పెట్టె తీసి ఆమె చేతిలో పెట్టాను. సబ్బుబిళ్లంత ఉంటుంది. దానికి రెండు మీటలు. కుడి మీట నొక్కితే ఒక గడిలో అంకె పెరుగుతుంది, ఎడమది నొక్కితే పక్క గడిలో. ఆమె కుడి మీట నొక్కింది. టిక్కుమంది. ఆ చప్పుడుకు నా కళ్లు చెమర్చాయని చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. ఆ పెట్టె చుక్కలక్కది.

నేను ఆ ల్యాబులో చేరేనాటికి నాకు ఇరవై నాలుగేళ్లు, ఆమెకు యాభై నాలుగు. గాజుపలకల మీద రక్తపు చుక్కలు పెట్టి, రంగు వేసి, సూక్ష్మదర్శినిలో లెక్కపెట్టడం ఆమె పని కాబట్టి ఎవరో ఎప్పుడో చుక్కలక్క అన్నారు, అదే నిలిచిపోయింది. రెండో అంతస్తులో పొడవాటి గది మాది. పడమటి ఎండ పడకుండా కిటికీ అద్దాలకు సగం దాకా తెల్ల రంగు పూశారు. ఆరు సూక్ష్మదర్శినులు, ఐదు ముక్కాలిపీటలు, వీపు ఆనించుకునే కుర్చీ ఒకే ఒక్కటి. కుర్చీ అక్కది. దాని మీద బొంతలాంటి దిండు ఒకటి ఉండేది. అక్క భర్త దర్జీ. కొట్లో మిగిలిన ప్యాంటు గుడ్డల ముక్కలతో ఆయనే కుట్టి ఇచ్చాడు. ఆ దిండు మీద ఎన్ని రంగులున్నాయో మధ్యాహ్నం టీ తాగుతూ లెక్కపెట్టడం మాకొక కాలక్షేపం.

అందరికీ పీటలుండి ఆమెకు మాత్రం కుర్చీ ఎందుకో తెలియాలంటే ఆమె రక్తం సంగతి చెప్పాలి.

అక్క పంతొమ్మిదేళ్లకు ఆ భవనం నేలమాళిగలో గాజుసామాను కడగడానికి చేరింది. చదువు బడితో ఆగిపోయింది. కడిగే పలకల్లో ఏముంటుందో చూడాలనే కుతూహలంతో పైకి వచ్చి వచ్చి, చూసి చూసి, నేర్చేసుకుంది. ఆమెకు ముప్పై అయిదేళ్లప్పుడు పెద్దాయన, అంటే మా ల్యాబు అధిపతి, కుర్రతనంలో ఉండగా, ఈ పరీక్ష మొదలుపెట్టాడు. పోల్చడానికి నిక్షేపంలాంటి మనిషి రక్తం కావాలి, వారానికి రెండుసార్లు, ఎవరిస్తారని అడిగితే మీసాలున్నవాళ్లంతా గోడకేసి చూశారట. అక్క చెయ్యి చాపింది. ఆ సోమవారం నుంచి సోమవారం, గురువారం ఆమె రక్తమే. రోగి కణాలు ఎంత లేచాయో అక్క కణాలతో పోల్చి, అక్కది నూరైతే వీళ్లది ఎంత అని రాసేవాళ్లు. ఎనభై, యాభై, ముప్పై. అక్కది మాత్రం ఎప్పుడూ నూరు. నూరని మేమే పెట్టుకున్నాం కాబట్టి నూరు.

ఆ గౌరవాన్ని ఆవిడ ఎంత భక్తిగా మోసిందంటే, ఆదివారం పెళ్లికి పిలిచినా తొమ్మిదింటికల్లా ఇంటికొచ్చి పడుకునేది. తుమ్ము వచ్చిందంటే ఆ రోజు చెయ్యి ఇచ్చేది కాదు. నూరుకు జలుబు చేసింది, ఈ రోజు పరీక్ష లేదు అనుకునేవాళ్లం. ఇంట్లో భర్త కూడా నూరుగారూ, టీ పెట్టారా అని పిలిచేవాడట.

ఇంతకీ ఏం లేస్తాయని? రక్తంలో కావలి కాసే తెల్లకణాలుంటాయి. మామూలుగా అవి చిన్నగా, గుండ్రంగా, ముడుచుకుని పడుకుని ఉంటాయి. ఒక రకం చిక్కుడు గింజల నుంచి తీసిన మందు వాటి గిన్నెలో వేసి, ఒంటి వేడి ఉన్న పెట్టెలో మూడు రోజులు ఉంచితే, శత్రువు వచ్చాడనుకుని లేస్తాయి. లేచిన కణం రెండింతలు, మూడింతలు ఉబ్బుతుంది, చుట్టూ ముదురు నీలం పట్టుకుంటుంది. అక్క ఒక్కో పలక మీద రెండు వందల కణాలు చూసేది. లేచినదానికి కుడి మీట, పడుకున్నదానికి ఎడమ మీట. గదంతా టిక్కు టిక్కు. వాన చూరు మీద మొదలైనట్టుండేది. ఇప్పటికీ ఎక్కడైనా అలాంటి చప్పుడు వింటే నేను ఆ గదిలోకి వెళ్లిపోతాను.

నేను చేరిన ఏడాదే యంత్రం వచ్చింది. గిన్నె మొత్తం దాని నోట్లో పెడితే, లోపలి కణాలన్నీ కలిపి ఎంత లేచాయో ఒకే ఒక్క అంకె చెప్పేస్తుంది. రెండు నిమిషాల పని. ఐదుగురు లెక్కగాళ్లను కింద స్టోరుకు పంపేశారు. అక్కను మాత్రం ఉంచారు. పెద్దాయన ఉన్నమాట మొహం మీదే అనే రకం. నీ కళ్లతో ఇక పని లేదమ్మా, నీ రక్తంతోనే పని, అది ఉన్నన్నాళ్లు కుర్చీ నీదే అన్నాడు. అక్క సరేనంది. అందరికీ తెలుసు, ఆ కుర్చీకి ఆధారం ఆ నూరే.

కానీ ఆవిడ కళ్లు ఊరుకోవు కదా. సోమవారం, గురువారం తన గిన్నెలో మిగిలిన నాలుగు చుక్కలు తీసుకుని, భోజనాల వేళ డబ్బా ఒళ్లో పెట్టుకుని, రెండు వందలు లెక్కపెట్టేది. మొదటి ఏటి నుంచీ రాస్తున్న ఎర్ర అట్ట పుస్తకాల్లోనే ఎక్కించేది. కణాల బొమ్మలు గీసి, సూక్ష్మదర్శిని కంటిగాజులో ఉండే కొలగీతతో ఎంతెంత ఉన్నాయో పక్కన వేసేది. ఎవరూ అడగని పని. ఒకసారి పెద్దాయన అటుగా వెళ్తూ ఆగి, అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలు కదమ్మా, రెండొందలు చూడటమెందుకు అన్నాడు.

అక్క తల ఎత్తకుండానే జవాబు చెప్పింది. “ఇది అన్నం కాదు సార్. ఒకటి మెత్తగా ఉడుకుతుంది, దాన్ని ఆనుకునే ఇంకోటి బియ్యపు గింజలా ఉంటుంది. ఒకే గిన్నె, ఒకే మంట. ఎవరికి వారే యమునా తీరే.”

ఆయన నవ్వి వెళ్లిపోయాడు. నేనూ నవ్వాను. నా చదువుకు ఆ మాటలు పెద్దవనిపించలేదు.

నా పరిశోధన ముసలివాళ్ల మీద. వయసు పెరిగితే ఈ కణాలు సరిగా లేవవని అన్ని పుస్తకాలూ అంటాయి. ఎంత తగ్గుతాయో కొలవడమే నా పని. రిటైరైన రైల్వే ఉద్యోగుల సంఘానికి వెళ్లి, డెబ్బై దాటినవాళ్లను బతిమాలి, వాళ్ల పాత రైళ్ల కథలన్నీ విని, నలభై ఆరుగురి రక్తం తెచ్చాను. రెండున్నరేళ్లు పట్టింది. సగటు ఎంత వచ్చిందంటే తొంభై ఆరు. అంటే అక్కకూ వాళ్లకూ తేడా లేనట్టే. పుస్తకాలన్నీ తప్పు, నేను ఒప్పు. పెద్దాయన నా భుజం తట్టాడు. రెండు నెలల్లో జరిగే పెద్ద సభలో దీన్ని చదవాలన్నాడు. నా కాళ్లు నేల మీద నిలవలేదు. హాస్టల్లో అద్దం ముందు నిలబడి ఉపన్యాసం సాధన చేసుకునేదాన్ని. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని వాదించేవాళ్లను చూసి నవ్వేదాన్ని గానీ, నా చేతిలో ఉన్న కుందేలు కాళ్లు మాత్రం లెక్కపెట్టలేదు.

లెక్క యాభై కావాలి. ఇంకా నలుగురు తక్కువ. మా అత్తగారున్నారు, ఎనభై ఒకటి, రా అంది అక్క.

ఇల్లు దర్జీ కొట్టు పైన. మెట్లు ఎంత ఇరుకంటే రక్తం గొట్టాల పెట్టె గుండెకు హత్తుకుని పక్కవాటుగా ఎక్కాను. పైన రెండు గదులు. ముందు గదిలో కత్తిరింపు బల్ల, గోడకు కాగితపు నమూనాలు, కూర్చుంటే చాలు బట్టలకు అంటుకునే దారపు పోగులు. అత్తగారు కిటికీ పక్కన కుర్చీలో కళ్లజోడు లేకుండా గుండీలు కుడుతోంది. నా చేతిలో సూది చూసి, నా రక్తం తాగడానికి కోడలు ఒక్కత్తే చాలదా, నువ్వు కూడా వచ్చావా అంది. అక్క లోపల నుంచి, తాగుదామంటే మీరు పడనిస్తే కదా అంది. అత్త లేని కోడలు ఉత్తమురాలంటారు గానీ, ఆ ఇద్దరూ ఒకరు లేకపోతే ఇంకొకరికి తోచని రకం. అత్తగారిదీ, పక్కన పెట్టి పోల్చడానికి అక్కదీ రక్తం తీయడం నిమిషంలో అయిపోయింది, కబుర్లు మాత్రం గంటసేపు.

నాలుగో రోజు శుక్రవారం. యంత్రం అత్తగారి అంకె చెప్పింది. నూట పద్దెనిమిది.

ల్యాబంతా ఒకటే నవ్వు. అత్తగారిది ఇక్కడ కూడా పైచెయ్యేనా అక్కా అని ఆట పట్టించాం. అక్క కూడా నవ్వింది. తర్వాత ఆ గిన్నెలో మిగిలింది కాస్త ఇవ్వమంది. భోజనాల వేళ అత్తగారి పలక ఒకసారి చూసింది, తన పలక ఒకసారి చూసింది. మళ్లీ అత్తగారిది, మళ్లీ తనది. డబ్బా మూత తియ్యలేదు. సాయంత్రం అలమారా అడుగు నుంచి ఎర్ర అట్ట పుస్తకాలన్నీ దించి, దుమ్ము తుడిచి, చేతిసంచుల్లో పెట్టుకుని బస్సెక్కింది.

మర్నాడు శనివారం, ఒంటిపూట పని. అందరూ వెళ్లాక నన్ను ఉండమంది. బల్ల మీద పుస్తకాలు ఏడాది వరసన పరిచి ఉన్నాయి. వేలు పెట్టి చూపిస్తూ పోయింది. మొదటి ఏడు రెండు వందల్లో నూట ఇరవై ఎనిమిది లేచాయి. పదో ఏడు నూట పందొమ్మిది. పదిహేనో ఏడు నూట నాలుగు. పోయిన ఏడు ఎనభై మూడు. నిన్న డెబ్బై తొమ్మిది. అత్తగారివి తొంభై నాలుగు.

నాకు అర్థం కావడానికి నిమిషం పట్టలేదు, ఒప్పుకోవడానికే చాలాసేపు పట్టింది. ఇరవై రెండేళ్లుగా మేం ఒకే మనిషి రక్తాన్ని నూరు అంటూ వచ్చాం. ఆ మనిషికి వయసు వస్తుందని మాలో ఒక్కరికీ తట్టలేదు. ఆమెది ఎంత తగ్గినా మేం నూరనే రాస్తాం కాబట్టి తగ్గినట్టు కాగితం మీద కనిపించనే కనిపించదు. దీపం కిందే చీకటి అంటే ఇదే. నా ముసలివాళ్లు తొంభై ఆరు కాదు, అక్క మొదటి ఏటి రక్తంతో పోలిస్తే అరవై. నా కొత్త సత్యం కాస్తా ముసలి కొలతబద్ద చేసిన మాయ.

ఆ రోజు నేను అన్న మాటలు నాకు ప్రతి అక్షరం గుర్తున్నాయి. “ఈ పుస్తకాలు ఎవరు చూస్తారక్కా? నా థీసిస్ అయ్యేదాకా ఆగు. చెప్తే నీ కుర్చీ కూడా పోతుంది.”

బెదిరించాననుకోలేదు, ఆమె మంచికే చెప్పాననుకున్నాను. అక్క కంటిగాజు మెత్తగుడ్డతో తుడిచి, ఒక్కసారి ఇందులో చూడు పిల్లా అంది. తన నిన్నటి పలక. తర్వాత ఒక చెక్కపెట్టెలో నుంచి మొదటి ఏటి పలక తీసి పెట్టింది. లేచినవాటినే చూడు, ఎంత పెద్దగా ఉన్నాయో చూడు అంది. రెంటిలోనూ లేచిన కణాలు ఒకే పరిమాణంలో ఉన్నాయి. అన్నీ తలా కాస్త నీరసించలేదు, లేవనివి అసలే లేవలేదు, లేచినవి మాత్రం నిండుగా లేచాయి అంది. నా చెవికి ఎక్కలేదు. నా చెవుల్లో పెద్ద సభ చప్పట్లు ఆగిపోయిన శబ్దం ఒక్కటే ఉంది.

ఆదివారం మళ్లీ ఆ ఇరుకు మెట్లెక్కాను, ఇంకోసారి బతిమాలదామని. అక్క వంటగదిలో ఉంది. భర్త బల్ల దగ్గర కూర్చుని పాత కొలత టేపును కత్తెరతో ముక్కలు చేస్తున్నాడు. మాట కలపడానికి, బాగున్నదాన్ని ఎందుకు కోస్తున్నారని అడిగాను.

“బాగుండటమేంటమ్మా, ఏడాది వాడితే గుడ్డ టేపు సాగుతుంది. సాగిన టేపుతో కొలిస్తే వచ్చినవాళ్లందరూ చిక్కినట్టే కనిపిస్తారు. అందరికీ బిగుతు చొక్కాలు కుట్టి పంపుతాం. ముక్కలు చెయ్యకపోతే పొరపాటున మళ్లీ దీన్నే చేతిలోకి తీసుకుంటాను” అన్నాడు.

ఆయనకు మా సంగతి ఏమీ తెలియదు. అక్క అప్పటికే టీ గ్లాసులతో గుమ్మంలో నిలబడి ఉంది. నా వైపు చూసి మెల్లగా అంది. “నేను సాగిన టేపునే పిల్లా.”

ఆయన కత్తెర ఆగింది. భార్య మొహం చూశాడు, నా మొహం చూశాడు. ఏదో తప్పుమాట దొర్లిందని అర్థమై, పంచదార సరిపోయిందా అని నన్ను అడిగాడు. నేను తెచ్చుకున్న బతిమాలుడు మాటలన్నీ టీతో పాటు మింగేసి దిగి వచ్చేశాను.

సోమవారం పొద్దున సూది పట్టుకుని వచ్చిన నర్సుకు అక్క చెయ్యి ఇవ్వలేదు. సంచులు పట్టుకుని పెద్దాయన గదిలోకి వెళ్లింది. నన్ను కూడా రమ్మంది. నా పేరు మాత్రం ఎత్తలేదు, శనివారం మాట అసలే ఎత్తలేదు. పుస్తకాలు తెరిచి చూపించింది. ఆయన కళ్లజోడు తీశాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. ఇరవై రెండేళ్లు ఆయన అచ్చు వేసిన ప్రతి కాగితంలోనూ ఆ నూరు ఉంది. ఇది నువ్వు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు కదమ్మా అన్నాడు. అడిగాడో, బాధపడ్డాడో ఇప్పటికీ చెప్పలేను.

“నాకు తెలిసింది కదండీ” అంది అక్క.

ఆయన ముక్కుసూటి మనిషని చెప్పాను కదా. ఆ మధ్యాహ్నమే సభవాళ్లకు మా పేరు తీసెయ్యమని ఉత్తరం రాశాడు. పాత కాగితాల్లో ఏవేవి సరిదిద్దాలో నెలరోజులు కూర్చుని తనే వెతికాడు. ఇక మీదట పదిమంది పాతికేళ్లవాళ్ల రక్తం, ఏడాదికోసారి మనుషుల్ని మార్చడం అని నియమం పెట్టాడు. ఆ ముక్కుసూటితనంతోనే అక్కకు పై అంతస్తులో పని లేదని కూడా తేల్చాడు. రిటైరవడానికి ఇంకా మూడేళ్లుంది. నేలమాళిగలో గాజుసామాను కడిగే చోటు ఖాళీగా ఉంది. పంతొమ్మిదేళ్లప్పుడు ఎక్కిన మెట్లు యాభై ఏడేళ్లకు దిగింది. వెళ్తూ దిండు చంకలో పెట్టుకుంది, లెక్కపెట్టె జేబురుమాల్లో చుట్టుకుంది. కుర్చీ వైపు తిరిగి చూడలేదు. నేను చూశాను. అంత ఖాళీ కుర్చీని నేను మళ్లీ చూడలేదు.

గురువారం కొత్త రక్తం వచ్చింది, ఒక విద్యార్థిది. గొట్టం మీద పేరు రాయడం నా వంతు. నా చెయ్యి దానంతట అదే ‘అక్క’ అని రాసింది. చెరపడానికి స్పిరిటు సీసా తీశాను. మూత తీసి, మళ్లీ పెట్టేశాను.

రెండు నెలలు నేను ఏ పనీ చెయ్యలేదు. చెయ్యడానికి ఏదీ మిగల్లేదు. అక్క మీద కోపం, నా మీద అంతకంటే కోపం. ఆమె పుస్తకాలు పెద్దాయన గది మూలలో ఉండిపోయాయి. ఒక మధ్యాహ్నం ఊసుపోక ఒకటి తెరిచాను. తెరిచినదాన్ని సాయంత్రం దాకా మూయలేదు. ఒకే మనిషి, ఇరవై రెండేళ్లు, వారానికి రెండుసార్లు, ఒక్కో కణం. ఏది లేచింది, ఏది లేవలేదు, లేచింది ఎంత లేచింది. యంత్రం కలిపి ముద్ద చేసిందంతా ఇక్కడ విడివిడిగా ఉంది. అప్పుడు గుర్తొచ్చింది ఆమె శనివారం చెప్పిన మాట. యంత్రానికి సగం వచ్చిందంటే ప్రతి కణం సగం నీరసించిందని మేం అనుకుంటాం. అక్క పుస్తకం కాదంటోంది. సగం కణాలు లేవలేదు, మిగతా సగానికి ఏ నీరసమూ లేదు.

నేలమాళిగకు పరుగెత్తాను. అక్క మోచేతుల దాకా సబ్బు నురగతో ఉంది. క్షమించమని అడగడానికి నోరు తెరిస్తే ఏడుపొచ్చింది. ఆ సీసా అటు పెట్టు, జారుతుంది అంది. అంతే, క్షమాపణ అయిపోయింది. అప్పటి నుంచి రోజూ నాలుగింటికి ఆమె పని అయ్యాక నాకు చూడటం నేర్పింది. నా థీసిస్ ఆ పుస్తకాల మీదే లేచింది.

అందులో అక్క పేరు ఎక్కడుందో కూడా చెప్పాలి, దాచి ప్రయోజనం లేదు. కృతజ్ఞతల పేజీలో, అయిదో వరసలో, పెద్దాయనకూ గ్రంథాలయానికీ హాస్టల్ స్నేహితులకూ తర్వాత. నా పేరు పక్కన ఆమె పేరు ఉండాలని నాకు తెలుసు. పట్టా లేనివాళ్ల పేరు వెయ్యరన్నారు, నేను తలూపాను. అక్క భర్త ఆ వరసను కొట్టుకు వచ్చినవాళ్లందరికీ చదివి వినిపించాడట. ఆమె సంతోషించింది. అందుకే నాకు ఇంకా నొప్పి. తర్వాత ఎన్నో ఏళ్లకు ఆ పుస్తకాలన్నీ కలిపి ఒక వ్యాసం అచ్చువేసినప్పుడు ఆమె పేరు నా పేరుకు ముందు పెట్టాను. చదువు అనే గడి ఖాళీగా వదిలేశాను. చూడటానికి అప్పటికి ఆమె లేదు.

రిటైరయ్యాక కూడా ఏడాదికోసారి, మొదటిసారి చెయ్యి చాపిన తేదీకి, అక్క మా ల్యాబుకు వచ్చేది. కొత్తగా లిఫ్టు వచ్చినా మెట్లే ఎక్కేది. పది మిల్లీలీటర్ల రక్తం ఇచ్చి, టీ తాగి, కొత్త పిల్లలను పేరుపేరునా పలకరించి వెళ్లేది. భర్త పోయిన ఏడాది కూడా మానలేదు. ఈలోగా పెద్దాయన పోయారు, ఆ గది నాదైంది. కణాలను ఒక్కొక్కటిగా వరసలో నిలబెట్టి చదివే యంత్రం వచ్చింది, కొన్ని నిమిషాల్లో పదివేలు. మా పిల్లలు మొదటిరోజు తెర మీద చూసి, ఒకే గిన్నెలో ఒక్కోటి ఒక్కోలా ఉంది మేడం అని మురిసిపోయారు. ఆ మాట నేను ఒళ్లో అన్నం డబ్బా పెట్టుకున్న మనిషి నోట ఇరవై ఏళ్ల కిందే విన్నానని చెప్పాను. మర్యాదకు తలూపారు.

చివరిసారి వచ్చినప్పుడు అక్కకు డెబ్బై ఎనిమిది. చూపు బాగా మందగించింది. నాలుగో రోజు మళ్లీ వస్తానంది, ఎప్పుడూ అలా అనేది కాదు. వచ్చి, యంత్రం చెప్పింది వద్దు, పలక మీద చూద్దాం అంది. జేబురుమాలు విప్పి లెక్కపెట్టె తీసింది. నేను సూక్ష్మదర్శినిలో చూసి చెప్పాలి, ఆమె నొక్కాలి. పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టాను. పడుకుంది, పడుకుంది, లేచింది, పడుకుంది అని నేను చెబుతుంటే టిక్కు టిక్కుమని నొక్కుతూ పోయింది. పిల్లలు పని ఆపి చూస్తున్నారు. ఎడమ మీటే ఎక్కువసార్లు మోగింది. రెండు వందలయ్యాయి. కుడి గడిలో అంకె ఎంతని నన్నే అడిగింది, ఆమెకు కనపడదు. ముప్పై ఒకటి అని చెప్పాను. 

“లేచినవి ఎలా ఉన్నాయి?” అంది.

నేను మళ్లీ కంటిగాజుకు కన్ను ఆనించాను. తొందరపడలేదు. ముప్పై ఒకటీ వెతికి వెతికి చూశాను, కొలగీతతో కొలిచాను. “నిండుగా ఉన్నాయక్కా. మొదటి ఏడు ఉన్నంతే ఉన్నాయి.”

“అయితే రాయి” అంది. ఎర్ర అట్ట పుస్తకంలో రాశాను. లెక్కపెట్టెను నా బల్ల మీద పెట్టి, చెయ్యి పట్టుకుంటే మెట్లు దిగుతానంది. మరుసటి ఏడు ఆ తేదీకి ఆమె రాలేదు, ఆమె కబురు వచ్చింది.

ఇదంతా విని ఆ విద్యార్థిని లెక్కపెట్టెను జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది.  తర్వాత, నూరు కాకుండా పోయిన మనిషి పేరే కదా మేడం మనం ఇంకా రాస్తున్నాం, ఇక మీదట ఏమని రాయమంటారు అని అడిగింది.

“నూరు కానని తనే వచ్చి చెప్పిన మనిషి పేరు” అన్నాను. “అక్క అనే రాయి. ఈసారి తెలిసి రాయి.”